పొయ్యి పక్కన మగ్గం

ఆశ్వయుజం వచ్చేసరికి నేతవీధిలో తొందర మొదలవుతుంది. శ్రావణ భాద్రపదాల ముసురుకు మగ్గం గుంటలో నీరు ఊరి, నూలు చెమ్మగిల్లి, రోజుల తరబడి నాడె కదలని ఇళ్లకు మళ్లీ నికరంగా ఎండ తగిలేది అప్పుడే. ముందు బతుకమ్మ, వెంటనే దసరా, ఆపైన దీపావళి. కొత్త బట్ట అడిగేవాళ్లు గుమ్మంలో ఉంటారు. మంగళగిరి అయినా, చీరాల అయినా, వెంకటగిరి అయినా ఆ రోజుల్లో ముందు రాజుకోవలసింది పొయ్యి. మగ్గం మీదికి పడుగు ఎక్కాలంటే దానికి గంజి పట్టించాలి. గంజి కావాలంటే ఎసరు మరగాలి.

చేనేత చరిత్ర రాసినవాళ్లు మగ్గాన్ని చూశారు, మగ్గం మీద కూర్చున్న మనిషిని చూశారు, బట్ట కొని ఓడలకెత్తిన కంపెనీలను చూశారు. వంటింటి వైపు తొంగిచూసినవాళ్లు తక్కువ. తెలుగునాట నేసిన నూలుబట్టకు బలాన్నిచ్చిన గంజి, అద్దకానికి పట్టునిచ్చిన పాలు, నలుపునిచ్చిన బెల్లం, ఎరుపును నిలబెట్టిన నూనె, బూడిద అన్నీ ఇంట్లో పొయ్యి చుట్టూ ఉండే సరుకులే. వాటిని కాచి, వడగట్టి, పులియబెట్టిన చేతుల్లో ఎక్కువ ఆ ఇంటి ఆడవాళ్లవి. ఆ చేతుల పని కూడా కలిపి చెప్పుకుంటే గానీ ఈ బట్ట చరిత్ర పూర్తి కాదు.

ఒకే కప్పు కింద

పాతకాలపు నేతగాడి ఇంట్లో పనిగది అంటూ విడిగా ఉండేది కాదు. ఇల్లే పనిగది. ముందరింట్లో, వెలుతురు పడేచోట నేలలో గుంట తవ్వి మగ్గం దింపేవారు. నేసే మనిషి నేల మీద కూర్చుని కాళ్లు గుంటలోకి జారవిడిచి తొక్కుడు కర్రలు తొక్కుతాడు. గుంట మగ్గం చోటు తక్కువ తీసుకుంటుంది. దానికి మించిన లాభం ఇంకొకటుంది. మట్టినేలలోని చల్లదనం పడుగుకు అందుతుంది. పొడిగాలికి నూలు పెళుసెక్కి తెగుతుంది, కాస్త చెమ్మ ఉంటే సాగుతుంది. ఎండాకాలంలో నూలుకు మేలు చేసిన ఆ గుంటే వానాకాలంలో కుటుంబానికి కష్టం తెచ్చేది. నేలలోంచి నీరు ఊరితే మగ్గం ఆగినట్టే, ఆ వారం కూలి పోయినట్టే.

మిగతా ఇల్లంతా ఈ మగ్గం చుట్టూ సర్దుకునేది. అరుగు మీదో, వసారాలోనో రాట్నం. గోడ గూళ్లలో కండెలు. నూలు చిలపలు ఎలుకలకు అందకుండా దూలానికి వేలాడేవి. పోగులు ఉడకబెట్టాలన్నా, రంగు ముంచాలన్నా పెరట్లో బానలు. వీటన్నిటికీ నడుమ వంటిల్లు. పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం వైపు చిటికి కట్టే ఇళ్లలో పోగుల మీద నమూనా గుర్తులు పెట్టడానికి బొగ్గు వాడేవారు. గుర్తు పెట్టినచోట రంగు ఎక్కకుండా చుట్టడానికి తరవాతి కాలంలో సైకిలు ట్యూబు ముక్కలు వచ్చాయి. ఇంట్లో దొరికే వస్తువుతో పని గడుపుకోవడం ఆ వృత్తి మొదటినుంచీ నేర్చిన నేర్పు.

వేళలు కూడా అలాగే కలిసిపోయాయి. ఎసరు కాగేలోపు నాలుగు కండెలు చుట్టడం, పప్పు ఉడికేలోపు తెగిన పోగులు అతకడం, పిల్లను ఒళ్లో పెట్టుకుని రాట్నం తిప్పడం. మగ్గం మీద మగవాడు కూర్చున్న గంటలు లెక్కకు వస్తాయి. ఇటువంటి పని ఏ గంటలో మొదలై ఏ గంటలో ముగిసిందో చెప్పడం కష్టం, అందుకే అది లెక్కలోకి రాలేదు.

గంజి కథ

నూలుపోగు కంటికి నున్నగా కనిపించినా దాని ఒంటినిండా సన్నని నూగు లేచి ఉంటుంది. మగ్గం మీద పడుగు పోగు వేలసార్లు పన్నె పళ్ల మధ్య రాసుకోవాలి. ఏ తొడుగూ లేకుండా వెళ్తే నూగు రేగి, పక్కపోగుతో చిక్కుపడి తెగుతుంది. గంజి ఆ నూగును పోగుకు అతికించి పైన పలచని పొర కడుతుంది. గంజి మరీ బిరుసెక్కకుండా అందులో కాస్త నూనె కలుపుతారు. బియ్యం నూకలతో కాచే గంజి ఎక్కువ వాడుక. జొన్న, రాగి పిండితో కాచుకున్న చోట్లూ ఉన్నాయి.

పడుగు పొడుగు పదుల గజాలు. అంత నిడివి ఏ ఇంట్లోనూ పట్టదు, అందుకే ఆ పని వీధిలోకి వచ్చింది. తెల్లవారకముందే వీధి పొడవునా కర్రలు నిలబెట్టి పడుగును సాగదీస్తారు. గంజి పట్టించి, అటొకరు ఇటొకరు కుంచెలు పట్టుకుని ఈ చివరినుంచి ఆ చివరికి దువ్వుకుంటూ పోతారు. పోగుకు పోగు అంటుకోకుండా, ఆరేదాకా దువ్వుతూనే ఉండాలి. ఎండ ముదిరితే గంజి గబుక్కున ఆరిపోయి పోగులు పెళుసెక్కుతాయి. చినుకు పడితే మొత్తం కారిపోతుంది. ఈ పనికి లేత ఎండ కావాలి, మబ్బు లేని ఆకాశం కావాలి, నలుగురి చేతులు కావాలి. ఒక ఇంటి పడుగుకు పక్క ఇళ్లవాళ్లు వస్తారు, రేపు వాళ్ల పడుగుకు ఈ ఇంటివాళ్లు వెళ్తారు. వానలు వెనకపట్టిన శరత్తు ఈ పనికి ఎందుకు అచ్చొచ్చిందో దీన్నిబట్టి తెలుస్తుంది.

కోడి కూయకముందే పడుగు వీధికెక్కాలంటే గంజి ముందురాత్రికే సిద్ధంగా ఉండాలి. అంటే పొయ్యి మీద ఇంటిల్లిపాది అన్నం దిగాక పడుగుకు కావాల్సిన గంజి ఎక్కేది. నూకలు మెత్తగా ఉడికేదాకా కలియబెట్టడం, గడ్డలు లేకుండా గుడ్డలో వడగట్టడం, చిక్కదనం చూడటం అన్నీ వంట వచ్చిన చేతికి తెలిసిన పనులు. సన్ననూలుకు ఎంత పలచన, ముతకనూలుకు ఎంత చిక్కన అన్నది కొలతపాత్రతో కుదిరేది కాదు, వేళ్ల మధ్య పట్టి చూడాలి.

అన్నం వార్చిన గంజికి ఇంట్లో గిరాకీ ఎక్కువ. ఉప్పు గల్లేసి పిల్లలకు తాగించాలి. కుడితిలో కలిపి గేదెకు పెట్టాలి. కోస్తా ఇళ్లలో తరవాణి కుండ నింపాలి. ఉతికిన చీరలకూ పంచెలకూ పెట్టాలి. నేతగాడి ఇంట్లో వీటన్నిటితో పాటు నూలు కూడా వాటా అడిగేది. తెలుగు వంటలో ఈ రెండో వాడకం అనే గుణం బలమైనది. ఉలవలు ఉడికించిన నీళ్లు చిక్కబడి ఉలవచారై మనుషుల విస్తట్లోకి వస్తే, ఉడికిన ఉలవలు ఎడ్లకు దాణాగా వెళ్లాయి. అదే వంటింటి లెక్క ప్రకారం గంజి బట్టలోకి వెళ్లింది.

శరత్తు రాత్రి భోజనం

మెట్ట తెలంగాణలో చాలా ఇళ్లలో రోజూ తిండి జొన్న గటక, జొన్నరొట్టె, అంబలి. వరన్నం పండగనాటి మాట. భాద్రపద అమావాస్యనాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై తొమ్మిది రోజులు సాగే పండగ చివరినాడు సద్దులు కలుపుతారు. పెరుగు, చింతపండు, నిమ్మ, కొబ్బరి, నువ్వులు, ఒక్కొక్కదానితో ఒక్కో సద్ది. రొట్టె నలిపి బెల్లం, నెయ్యి కలిపి ముద్ద చేసే మలీద. నువ్వులు, పల్లీలు, పెసలు వేయించి దంచిన సత్తుపిండ్లు. బతుకమ్మ ఆడి నీళ్లలో సాగనంపాక అక్కడే చెరువుగట్టున ఆడవాళ్లు ఒకరికొకరు పంచుకుని తినే తిండి ఇది. వానలు వెళ్లి చలి ఇంకా దిగని ఆ రాత్రులకు సరిగ్గా సరిపోయే తిండి కూడా. నువ్వు, బెల్లం ఒంటికి వేడినిస్తాయి, పులుపు అన్నాన్ని పాడవకుండా నిలబెడుతుంది.

సద్ది కలపాలంటే అన్నం పొడిపొడిగా రావాలి, అందుకు గంజి బాగా వార్చాలి. పండగనాడు పెద్ద గుండిగలో వండే అన్నం నుంచి గంజీ ఎక్కువే వస్తుంది. తినే అన్నానికి అక్కర్లేని ఆ జిగురే నూలుకు కావాల్సింది. పండగ వంటా పండగ బట్టా ఒకే గుండిగకు రుణపడిన ఇళ్లు అవి.

బతుకమ్మ పేర్చడం కూడా ఇంటి చేతిపనే. తంగేడు, బంతి, చామంతి, కట్ల సహజమైన రంగుతోనే సిబ్బిలోకి ఎక్కుతాయి. తెల్లటి గునుగును మాత్రం కట్టలు కట్టి ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల్లో ముంచి ఆరబెడతారు. చిటికి కట్టి పోగులు ముంచే చేతులకు గునుగు ముంచడం నేర్పాల్సిన పని కాదు. సిబ్బి మీద వలయం తరవాత వలయంగా రంగులు మార్చి పేర్చే వరసలోనూ, చీర అంచులో రంగులు మారే వరసలోనూ ఒకే కన్ను పనిచేస్తుంది.

కోస్తాలో ఆశ్వయుజ బహుళ తదియనాడు అట్లతద్ది. ఆడపిల్లలు తెల్లవారుజామునే లేచి గోంగూర పచ్చడితో, పెరుగుతో చద్దన్నం తిని ఉపవాసం ఉంటారు. చంద్రుణ్ణి చూశాక రాత్రికి అట్లు. రెండు ప్రాంతాల్లోనూ దసరానాడు మగ్గానికి పూజ. ఆయుధపూజ రోజున నాడె, పన్నె, రాట్నం కడిగి పసుపు కుంకుమలు పెడతారు. ఆ రోజు నేత లేదు, అంటే ఇంట్లో అందరూ ఒకే వేళకు కూర్చుని తినే రోజు. పూట గడవడమే రోజువారీ లెక్కగా బతికే వృత్తిలో అటువంటి భోజనానికి విలువ ఎక్కువ.

పాలు, బెల్లం, కరక్కాయ

నూలు, బట్ట విదేశాలకు వెళ్లిన చరిత్రలోనూ ఈ వంటింటి సరుకులే ఉన్నాయి. డచ్చివాళ్లు 1605లో మచిలీపట్నం చేరారు. 1611లో గ్లోబ్ అనే ఓడలో ఇంగ్లీషువాళ్లు వచ్చారు. ఇద్దరూ దగ్గర్లోని పెటపోలి మీద, అంటే నేటి నిజాంపట్నం మీద, కన్నేశారు. అందుకు ఒక కారణం చిరివేరు. ఇసుక నేలల్లో మొలిచే ఆ చిన్న మొక్క వేరు నుంచి వచ్చే ఎరుపు ఉతికేకొద్దీ నిగ్గు తేలేది. కృష్ణా తీరపు రంగుబట్ట యూరపులో ఎంతగా పాకిందంటే, తమ నేతగాళ్లు దెబ్బతింటున్నారని 1686లో ఫ్రాన్సు దాన్ని నిషేధించింది. 1721లో ఇంగ్లండు కూడా వాడకాన్ని కట్టడి చేస్తూ చట్టం తెచ్చింది.

ఆ ఎరుపు రహస్యం కోసం యూరపు చాలా ఆరా తీసింది. కోరమండల్ తీరంలో పనిచేసిన ఫ్రెంచి జెస్యూటు పాదిరి కుర్దూ 1742లో స్వదేశానికి రాసిన ఉత్తరంలో పనివాళ్లు చెప్పిన పద్ధతిని వరసగా వివరించాడు. రంగుల కర్మాగారాల గురించి చదవబోతున్నామనుకున్న పాఠకులకు అందులో కనిపించినవి కరక్కాయ పొడి, గేదె పాలు.

ఆ పద్ధతి నేటికీ శ్రీకాళహస్తి కలంకారీలో బతికే ఉంది. గాడా అనే నూలుబట్టను కరక్కాయ కలిపిన గేదె పాలలో ముంచి ఆరబెడతారు. కరక్కాయలోని వగరు రంగుకు పట్టునిస్తుంది. పాలలోని కొవ్వు, కలంతో గీసిన గీత పక్కకు పాకకుండా ఆపుతుంది. నల్లరంగుకు ఇనప తుక్కు, బెల్లం, నీళ్లు కుండలో వేసి వారాల తరబడి పులియబెడతారు. ఆ ద్రావణం కరక్కాయ పట్టిన బట్ట మీద పడగానే నల్లబడుతుంది. పటిక నీళ్లతో గీసిన చోట ఎరుపు నిలుస్తుంది. దానిమ్మ తొక్క పసుపు రంగునిస్తుంది. తరవాత బట్టను రంగు నీళ్లలో ఉడికించాలి, పారే నీటిలో జాడించాలి, ఎండలో ఆరవేయాలి. ఉడకబెట్టడం, పులియబెట్టడం, నానబెట్టడం, వడగట్టడం అనే నాలుగు క్రియలతోనే ఈ కళ అంతా నడుస్తుంది. ఆ నాలుగూ వంటింటి క్రియలే.

నీలిమందు సంగతీ అంతే. నీలి నీటిలో కరగదు, పులిస్తే గానీ పోగుకు పట్టదు. ఆ పులుపు పుట్టడానికి దక్షిణాది రంగరులు సున్నంతో పాటు తగిరిస గింజలు ఉడికించి కలిపేవారు. వానాకాలంలో గట్ల మీద మొలిచే అదే తగిరిస లేతాకును పేద ఇళ్లలో కూర వండుకుంటారు, తెలంగాణలో తంటెం అంటారు. ఆకు కూరకుండకు, గింజ నీలిబానకు. బాన పులిసిందో లేదో వాసన చూసి, ఒక్కోసారి నాలుకమీద పెట్టుకుని చెప్పే నిపుణులు ఉండేవారు.

చీరాలలో పుట్టి తరవాత నల్లగొండ వైపు స్థిరపడిన తేలియా రుమాలుకు పేరే నూనె వల్ల వచ్చింది. పోగులను నూనెలో, ఆముదపు కాయల బూడిద కలిపిన నీళ్లలో మార్చి మార్చి పిసికి, రెండు మూడు వారాలు ఆరబెట్టేవారు. బూడిదలోని క్షారం నూనెను పోగులోకి ఇంకేలా చేస్తుంది, అలా సిద్ధమైన పోగు ఎరుపును గట్టిగా పట్టుకుంటుంది. ఎండ మండే అరబ్బు దేశాలకు, తూర్పు ఆఫ్రికా రేవులకు ఆ రుమాళ్లు వెళ్లాయి. పుట్టపాకలో ఈ నేతను నిలబెట్టిన గజం గోవర్ధనకు 2011లో పద్మశ్రీ వచ్చింది. 2020లో తేలియా రుమాలుకు భౌగోళిక గుర్తింపు దక్కింది.

ఉత్తరాంధ్రలో పొందూరు నేత ఇంకా ఆశ్చర్యం. అక్కడ దూదిని ఏకడానికి వాలుగ చేప దవడను వాడతారు. దవడ నిండా దగ్గరదగ్గరగా ఉన్న సన్నని పళ్లు దువ్వెనలా పనిచేసి పత్తిపీచులోని నలుసును తీసేస్తాయి. చేతిలో ఇమిడే ఆ దవడతో ఆడవాళ్లు గంటల తరబడి ఏకి, ఏకులు చుట్టి, అవి నలగకుండా, ఎండకుండా అరటి దవ్వ పొరల్లో దాచుకుంటారు. ఆపైన రాట్నం మీద నూరు నంబరు, ఆ పైచిలుకు సన్ననూలు వడుకుతారు. 1921లో గాంధీజీ ఈ పని సంగతి విని తన కుమారుడు దేవదాసు గాంధీని చూసి రమ్మని పంపారు. దేశమంతా వడకమని చెప్పిన ఉద్యమానికి, ఎవరూ చెప్పకుండానే తరాల తరబడి వడుకుతున్న పొందూరు ఆడవాళ్లు ఆదర్శమయ్యారు.

గంజే అన్నమైన రోజులు

పొయ్యి మీద అంతగా ఆనుకున్న వృత్తికి కరువు రెండువైపులా కోత పెట్టింది. తిండిగింజల ధర పెరిగితే జనం మొదట మానుకునేది కొత్త బట్ట. గిరాకీ పడిపోయిన ఆ రోజుల్లోనే నేతగాడి ఇంట్లో బియ్యం కొనాలి, తినడానికీ నూలుకూ. 1832-33లో గుంటూరు సీమను తుడిచిపెట్టిన డొక్కల కరువు, 1876-78 నాటి ధాత కరువు నేతవీధులను ఖాళీ చేశాయి. కలో గంజో తాగి బతకడమే గగనమైనప్పుడు పడుగుకు పోయడానికి గంజి ఎక్కడిది? ఊరూరా వెలిసిన గంజి కేంద్రాల ముందు నిలబడ్డవాళ్లలో నేతగాళ్లూ ఉన్నారు. కరువు పనుల్లో రాళ్లు కొట్టి, మట్టి మోసిన చేయి తిరిగి సన్ననూలు పట్టుకోలేదు. ఆ సంగతి గ్రహించాకే, కరువు రోజుల్లో నేతగాళ్లకు వాళ్ల వృత్తిలోనే పని చూపాలన్న ఆలోచన మద్రాసు ప్రభుత్వపు కరువు నిబంధనల్లోకి ఎక్కింది.

డొక్కల కరువు మిగిల్చిన భయం గోదావరి, కృష్ణా ఆనకట్టలకు దారితీసిన కారణాల్లో ఒకటి. 1852లో ధవళేశ్వరం, 1855లో బెజవాడ ఆనకట్టలు పూర్తయ్యాక డెల్టాలో వరి విస్తరించింది. అన్నం వార్చే ఇళ్లు పెరిగాయి. ఆ పచ్చదనం వచ్చేసరికి నేతగాడికి మరో పోటీ ఎదురైంది. లాంకషైర్ మిల్లు బట్ట సంతల్లో దిగింది. ఇంట్లో వడికిన నూలు స్థానంలో మిల్లు నూలు వచ్చింది. 1869లో కృత్రిమ ఎరుపు మార్కెట్లోకి రావడంతో చిరివేరు తవ్వేవాళ్లు తగ్గారు, 1897లో కృత్రిమ నీలి రావడంతో తగిరిస బానలు ఎండిపోయాయి. రంగు అంగడి నుంచి పొట్లంలో వచ్చింది. వంటింటి చేతిలోంచి ఒక్కొక్క పనీ జారిపోయింది, గంజి, కండెలు, ఆసు మాత్రం మిగిలాయి.

లెక్కలోకి రాని కూలి

జాన్ కే 1733లో ఇంగ్లండులో కనిపెట్టిన తాడు లాగితే పరుగెత్తే నాడె, ఇరవయ్యో శతాబ్దం మొదటి దశాబ్దాల్లో మద్రాసు ప్రెసిడెన్సీ నేత ఊళ్లలో బాగా పాకింది. నేత వేగం పెరిగింది. ఆ మేరకు కండెలు ఎక్కువ కావాలి, పడుగులు త్వరత్వరగా సిద్ధం కావాలి. మగ్గానికి వచ్చిన వేగం బరువు రాట్నం మీద పడింది. 1930లో ఆచార్య ఎన్.జి.రంగా చేనేత ఆర్థిక పరిస్థితి మీద పుస్తకం రాశారు. 1942లో నివేదిక ఇచ్చిన భారత ప్రభుత్వ విచారణ సంఘం దేశంలో మగ్గాలు సుమారు 20 లక్షలని లెక్కగట్టి, మగ్గం మీద కూర్చోకుండా ఆ పనికి సాయపడేవాళ్లను విడిగా గుర్తించింది. వాళ్లలో చాలామంది చేతికి కూలి డబ్బు అందని ఇంటి మనుషులు.

మగ్గాన్ని, పొయ్యిని విడదీస్తే ఏమవుతుందో షోలాపూర్ చూపించింది. 1877లో అక్కడ మొదటి మిల్లు వచ్చాక తెలంగాణ నుంచి పద్మశాలి కుటుంబాలు పెద్దఎత్తున వలస వెళ్లాయి. తరవాత భీవండి, ముంబయి, సూరత్. మగవాళ్లు మిల్లుకు, పవర్‌లూమ్ షెడ్డుకు వెళ్లారు. ఇంట్లో పొయ్యి మిగిలింది, నేత లేదు. కండెలు చుట్టిన చేతులకు అక్కడ దొరికిన పని బీడీలు చుట్టడం. సిరిసిల్లలోనూ అదే జరిగింది. అది నైపుణ్యం లేనివాళ్లు ఎంచుకున్న పని అనుకోవడం పొరపాటు. తరాల నైపుణ్యం ఉన్నవాళ్లకు ఇంటినుంచి కదలకుండా చేసుకోగలిగిన ఇంకో పని దొరకలేదు.

ఆసు పోయడం కథ అందరికీ తెలిసింది సినిమా వల్ల. చిటికి చీరకు పోగులను అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ అటూ ఇటూ తిప్పాలి. ఒక్క చీరకు చేయి దాదాపు 9,000 సార్లు కదలాలి, నాలుగైదు గంటల పని. ఆలేరు దగ్గరి శారాజీపేటలో తల్లి లక్ష్మి భుజాల నొప్పి చూసిన చింతకింది మల్లేశం ఏళ్ల తరబడి కష్టపడి 1999లో ఆసు యంత్రం తయారుచేశాడు. దానికి తల్లి పేరే పెట్టాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది, 2019లో ఆయన జీవితం మీద ‘మల్లేశం’ సినిమా వచ్చింది. ఇంట్లో సాగే ఆడవాళ్ల పనిని పనిగా చూసి, దాని బరువు కొలిచి, తగ్గించడానికి పూనుకున్న అరుదైన ఘట్టం అది.

కుక్కరు వచ్చాక

1950ల చివర దేశంలో ప్రెషర్ కుక్కర్ల తయారీ మొదలైంది. తరవాతి దశాబ్దాల్లో కరెంటు కుక్కరు వచ్చింది. రెండింటిలోనూ కొలిచి పోసిన నీళ్లు అన్నంలోనే ఇమిడిపోతాయి, వార్చాల్సిన గంజి ఉండదు. తెలుగు ఇళ్లలో ఉతికిన చీరకు గంజి పెట్టే అలవాటు సన్నగిల్లడానికి ఇదొక కారణం. నేత ఊళ్లలో గంజి కోసం విడిగా నూకలు కొని కాయడం మిగిలింది. వీధులకు సిమెంటు రోడ్లు పడ్డాయి, బళ్లూ ఆటోలూ పెరిగాయి, పదుల గజాల పడుగు సాగదీయడానికి ఖాళీ చోటు తగ్గింది. రెండు పేటల నూలు, పట్టు వాడేచోట గంజి అవసరమే తగ్గింది. సిరిసిల్ల మరమగ్గాల మీద 2017 నుంచి కొన్నేళ్ల పాటు నేసిన బతుకమ్మ చీరలు పాలిస్టరువి. వాటికి వీధీ అక్కర్లేదు, నూకలూ అక్కర్లేదు. అదే సమయంలో గుంటలో నీరు ఊరే బాధ తప్పించుకోవడానికి చాలామంది నేలకు ఎత్తుగా స్టాండు మగ్గాలు వేసుకున్నారు. కాళ్లకూ నడుముకూ అది మేలే చేసింది.

అయినా మంగళగిరి వంటి ఊళ్లలో ఒంటిపోగు నూలుకు తెల్లవారుజాము వీధి గంజి ఇంకా చూడొచ్చు. శ్రీకాళహస్తిలో 1950ల్లో కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో మళ్లీ ఊపిరి పోసుకున్న వ్రాతపని కరక్కాయ, గేదె పాలతోనే నడుస్తోంది. పెడనలో దిమ్మెలతో అద్దే కలంకారీకి కూడా కరక్కాయే పునాది. సహజరంగుల బట్టకు గిరాకీ పెరిగేకొద్దీ ఉడికించడం, పులియబెట్టడం తెలిసిన చేతుల విలువా పెరుగుతోంది.

2019-20 చేనేత గణన ప్రకారం దేశంలో చేనేత పనివాళ్లు 35.22 లక్షల మంది. మగ్గం మీద నేసేవాళ్లు 26.73 లక్షలు, నేతకు ముందు వెనకల పనులు చేసేవాళ్లు 8.48 లక్షలు. మొత్తం మీద ఆడవాళ్లు 72 శాతం. ఇంత స్పష్టంగా అంకెలు ఉన్నా తెలుగు నేత ఊళ్లలో మజూరీ ఇప్పటికీ ఎక్కువగా చీర లెక్కనో, పడుగు లెక్కనో కట్టి ఇస్తారు. కండెలు చుట్టినందుకు, పోగులు అతికినందుకు, గంజి కాచినందుకు విడిగా పద్దు ఉండదు, అన్నీ ఆ ఒక్క మొత్తంలో కలిసిపోతాయి. మజూరీ ధరలు సవరించే ప్రతిసారీ సహకార సంఘాలు ఆ పనులకు పేరుపేరునా రేటు వేసి, చేసినవాళ్ల పేరు మీదే రాస్తే, రాట్నం తిప్పే ఆడమనిషికి గుర్తింపు కార్డు, బ్యాంకు అప్పు, వృద్ధాప్య పింఛను అడిగే హక్కు కాగితం మీద మొదలవుతుంది. సంఘం పుస్తకంలో అందుకు కావాల్సింది ఇంకో నాలుగు గడులు.